ఒకరన్న మాటను ఇంగ్లీషులో మరొకరికి చెప్పడం: రిపోర్టెడ్ స్పీచ్, రిపోర్టింగ్ వెర్బ్‌లపై సమగ్ర మార్గదర్శి

మేనేజరు చెప్పింది సహోద్యోగికి, డాక్టరు చెప్పింది ఇంట్లోవాళ్ళకు, ఇంటి యజమాని ఫోనులో అన్నది భార్యకో భర్తకో చేరవేయడం రోజూ జరిగే పని. తెలుగులో ఈ పని చేసేటప్పుడు ఎవరూ తడబడరు. అదే ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చినప్పుడు బాగా చదువుకున్నవారు కూడా “హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో” అనేస్తారు. వ్యాకరణం చదవకపోవడం దీనికి కారణం కాదు. బడిలో మొదలుకొని పోటీ పరీక్షల దాకా డైరెక్ట్ స్పీచ్‌ను ఇండైరెక్ట్ స్పీచ్‌లోకి, అంటే రిపోర్టెడ్ స్పీచ్‌లోకి, మార్చే ప్రశ్న మనల్ని వెంటాడుతూనే ఉంటుంది. పట్టిక బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటూనే ఉంటాం. అయినా తప్పు దొర్లుతోందంటే, మనం తెలుగు వాక్యపు నడకనే ఇంగ్లీషులోకి మోసుకుపోతున్నామని అర్థం. కాబట్టి ఆ నడక ఏమిటో ముందు చూసి, ఆ తర్వాత ఒక్కొక్క మెట్టు ఎక్కడం మంచిది.

తప్పు ఎక్కడ పుడుతోంది

“రేపు వస్తానని రవి అన్నాడు” అనే వాక్యాన్ని గమనించండి. వచ్చేది రవి. అయినా క్రియ “వస్తాను” అనే ఉంది. రవి నోటి నుంచి వచ్చిన రూపం చెక్కుచెదరలేదు. “వస్తాడని రవి అన్నాడు” అంటే అర్థమే మారిపోయి, వచ్చేది ఇంకెవరో అవుతారు. తెలుగు తరగతిలో ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంగా మార్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది: “నేను రాను అని రాజు అన్నాడు” అనేది “తాను రానని రాజు అన్నాడు” అవుతుంది. “నేను” పోయి “తాను” వచ్చింది, కానీ “రాను” అనే ఉత్తమ పురుష క్రియ అలాగే ఉండిపోయింది, కాలమూ మారలేదు.

అంటే తెలుగులో “అని” అనే చిన్న మాట ఎదుటివారి వాక్యాన్ని దాదాపు యథాతథంగా మోస్తుంది. ఇంగ్లీషులో “దట్” అలా మోయదు. ఇంగ్లీషులో చెప్పేవాడు ఎదుటివారి వాక్యాన్ని విప్పి, తాను ఇప్పుడు ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో మాట్లాడుతున్నాడో ఆ చోటు నుంచి తిరిగి కట్టాలి. మార్పులన్నీ ఈ ఒక్క సూత్రం నుంచే వస్తాయి. పట్టికలో ఉన్న “టుమారో పోయి ద నెక్స్ట్ డే వస్తుంది” వంటి నియమాలు ఈ సూత్రానికి ఫలితాలే.

మొదటి మెట్టు: మీరు ఎక్కడ నిలబడి చెబుతున్నారో తేల్చుకోండి

వాక్యం మొదలుపెట్టే ముందు మూడు విషయాలు మనసులో స్పష్టంగా ఉండాలి: ఆ మాట ఎవరు ఎవరితో అన్నారు, ఎప్పుడు అన్నారు, ఇప్పుడు మీరు ఎవరితో ఎప్పుడు చెబుతున్నారు. ఒక ఉదాహరణ చూద్దాం. సోమవారం నాడు లక్ష్మి ఫోను చేసి, “ఐ విల్ కమ్ టుమారో” అంది. అదే సోమవారం సాయంత్రం మీ అమ్మగారికి చెబితే “లక్ష్మి సెడ్ షి విల్ కమ్ టుమారో” అనడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఆ “రేపు” మీకూ ఇంకా రేపే. మంగళవారం ఉదయం చెబితే “లక్ష్మి సెడ్ షి వుడ్ కమ్ టుడే” అనాలి. రెండు వారాల తర్వాత ఆ సంగతి చెబితేనే “లక్ష్మి సెడ్ దట్ షి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే” అవుతుంది. ఒకే మాటకు మూడు సరైన వాక్యాలు వచ్చాయి. “టుమారో” ఎప్పుడూ “ద నెక్స్ట్ డే” అవుతుందని నేర్పే పద్ధతి పరీక్షకు పనికొస్తుందే తప్ప నిజ జీవితంలో అనర్థం తెస్తుంది; మంగళవారం నాడు “ద నెక్స్ట్ డే” అంటే వినేవారు లక్ష్మి బుధవారం వస్తుందేమో అనుకునే ప్రమాదం ఉంది.

చోటు విషయమూ అంతే. “హియర్” అన్న మాటను ఆ చోటులోనే ఉండి చెబుతుంటే మార్చనక్కర లేదు. వేరే చోటు నుంచి చెబుతుంటే “దేర్” అవుతుంది. “కమ్”, “గో”, “బ్రింగ్”, “టేక్” అనే క్రియలు కూడా మీరున్న చోటును బట్టే మారతాయన్న సంగతిని చాలా పుస్తకాలు ప్రస్తావించవు. హైదరాబాదులో ఉన్నవారు “కమ్ టు మై ఆఫీస్” అని పిలిస్తే, విజయవాడలో ఉన్న మీరు మీ స్నేహితుడికి “హి ఆస్క్డ్ మి టు గో టు హిజ్ ఆఫీస్” అని చెప్పడం సహజం.

రెండో మెట్టు: నేను, నువ్వు ఎవరో సరిచూసుకోండి

సర్వనామాల విషయంలో నియమం సులువు, అలవాటు మాత్రం కష్టం. మాట అన్న మనిషి “ఐ” అన్నది మీ వాక్యంలో ఆ మనిషిని సూచించే “హి” లేదా “షి” కావాలి. ఆ మనిషి “యు” అన్నది, ఎవరితో అన్నారో వారిని సూచించాలి. మీతోనే అని ఉంటే “మి” లేదా “ఐ” అవుతుంది. “ఐ విల్ హెల్ప్ యు” అని రవి మీతో అంటే “రవి సెడ్ హి వుడ్ హెల్ప్ మి” అని చెప్పాలి. సీతతో అంటే “రవి టోల్డ్ సీతా దట్ హి వుడ్ హెల్ప్ హర్” అని చెప్పాలి.

“రవి సెడ్ దట్ ఐ విల్ హెల్ప్ యు” అంటే వినేవారికి సాయం చేసేది మీరే అని అర్థమవుతుంది. ఉద్యోగంలో ఇది చిన్న పొరపాటు కాదు. “మేనేజర్ టోల్డ్ దట్ ఐ విల్ అప్రూవ్ ఇట్” అని మీరు మెయిలు పంపితే, చదివినవారు ఆ పని ఆమోదించే బాధ్యత మీ మీదే ఉందనుకుంటారు.

మూడో మెట్టు: కాలాన్ని ఒక అడుగు వెనక్కి జరపండి, అవసరమైనప్పుడే

రిపోర్టింగ్ వెర్బ్, అంటే “సెడ్”, “టోల్డ్” లాగా మాటను చేరవేసే క్రియ, భూతకాలంలో ఉంటే, లోపలి క్రియ సాధారణంగా ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. “ఐ యామ్ బిజీ” అన్నది “షి సెడ్ షి వాజ్ బిజీ” అవుతుంది. “ఐ హ్యావ్ ఫినిష్డ్” అన్నది “షి సెడ్ షి హ్యాడ్ ఫినిష్డ్” అవుతుంది. “విల్” పోయి “వుడ్”, “క్యాన్” పోయి “కుడ్”, “మే” పోయి “మైట్” వస్తాయి. 1969 జులై 20న చంద్రుడి మీద దిగిన తర్వాత నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ “ది ఈగిల్ హ్యాజ్ ల్యాండెడ్” (ఈగిల్ అన్నది వారు దిగిన వాహనం పేరు) అన్న మాటను ఈనాడు చెబితే “ఆర్మ్‌స్ట్రాంగ్ రిపోర్టెడ్ దట్ ది ఈగిల్ హ్యాడ్ ల్యాండెడ్” అవుతుంది. 1947 ఆగస్టు 14 రాత్రి నెహ్రూ రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, అర్ధరాత్రి గంట కొట్టే వేళ “ఇండియా విల్ అవేక్ టు లైఫ్ అండ్ ఫ్రీడమ్” అన్నారు. ఆ అర్ధరాత్రి దాటి దశాబ్దాలు గడిచాయి కాబట్టి “నెహ్రూ డిక్లేర్డ్ దట్ ఇండియా వుడ్ అవేక్ టు లైఫ్ అండ్ ఫ్రీడమ్” అనక తప్పదు. అక్కడ “విల్” ఉంచితే అది ఇంకా జరగవలసిన సంగతిగా వినిపిస్తుంది.

ఇక్కడ తెలుగువారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టే అనుమానం ఒకటి ఉంది. “షి సెడ్ షి వాజ్ బిజీ” అన్నప్పుడు ఆవిడ ఇప్పుడు ఖాళీగా ఉందని అర్థం కాదు. ఆ “వాజ్” ఆవిడ మాట అన్న సమయానికి కట్టుబడి ఉంది, అంతే. ఈ సంగతి మనసుకు ఎక్కక చాలామంది “షి సెడ్ దట్ షి ఈజ్ బిజీ” అనే వాక్యం వైపే మొగ్గుతారు. అది కూడా అన్ని సందర్భాలలోనూ తప్పు కాదు. ఆ మాట ఇప్పటికీ నిజమైతే, ఇప్పుడే విన్నదైతే, వర్తమానంలో ఉంచవచ్చు.

ఉంచడానికీ జరపడానికీ మధ్య ఒక సూక్ష్మమైన తేడా ఉంది, అది నేర్చుకోదగినది. వర్తమానంలో ఉంచితే ఆ సంగతి నిజమేనని మీరూ ఒప్పుకుంటున్నట్లు అవుతుంది. “గెలీలియో మెయింటెయిన్డ్ దట్ ది ఎర్త్ గోస్ రౌండ్ ద సన్” అనడం సరైనదే, ఎందుకంటే భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నది మనమూ ఒప్పుకున్న సత్యం. భూమే కేంద్రమని నమ్మిన టాలెమీ గురించి మాత్రం “టాలెమీ బిలీవ్డ్ దట్ ద సన్ వెంట్ రౌండ్ ది ఎర్త్” అనాలి. అక్కడ “గోస్” అంటే ఆ పాత నమ్మకాన్ని మీరు కూడా భుజాన వేసుకున్నట్లే. దీన్ని బట్టి, అవతలి మనిషి మాట మీద మీకు నమ్మకం లేనప్పుడు కాలాన్ని వెనక్కి జరపడమే క్షేమం. “హి సెడ్ హి వాజ్ ఎ డాక్టర్” అన్న వాక్యంలో ఉన్న దూరం “హి సెడ్ హి ఈజ్ ఎ డాక్టర్” అన్నదాంట్లో ఉండదు.

కొన్ని రూపాలు అసలు జరగవు. “కుడ్”, “వుడ్”, “షుడ్”, “మైట్”, “ఆట్ టు” అలాగే ఉంటాయి. “హ్యాడ్ ఫినిష్డ్” వంటి రూపం వెనక్కి జరగడానికి ఇంకో అడుగు లేదు. “మస్ట్” విషయంలో రెండు దారులు ఉన్నాయి: తప్పనిసరి పని గురించైతే “హ్యాడ్ టు” అవుతుంది, ఊహించి చెప్పేదైతే “మస్ట్” అలాగే ఉంటుంది, “షి సెడ్ దట్ ఐ మస్ట్ బి టైర్డ్” అన్నదాన్ని “హ్యాడ్ టు బి” చేస్తే తేలికైన ఊహ కాస్తా బరువైన మాటగా మారుతుంది. మామూలు భూతకాలాన్ని “హ్యాడ్” రూపంలోకి తీసుకెళ్ళడం పరీక్షలో ఆశించేదే అయినా, సంఘటనల క్రమం స్పష్టంగా ఉన్నప్పుడు మాటల్లో చాలామంది అలాగే వదిలేస్తారు. రిపోర్టింగ్ వెర్బ్ “సేస్” అని వర్తమానంలో ఉంటే కాలం జోలికి వెళ్ళనక్కర లేదు.

నాలుగో మెట్టు: ప్రశ్నను మామూలు వాక్యంగా మార్చండి

“ఎక్కడ ఉంటావని అడిగాడు” అన్నప్పుడు ప్రశ్న ప్రశ్నగానే ఉండి, దాని చివర “అని” తగులుతుంది. ఆ అలవాటుతోనే “హి ఆస్క్డ్ మి దట్ వేర్ డు యు లివ్” అనే వాక్యం వస్తుంది. ఇందులో మూడు తప్పులున్నాయి. ప్రశ్నార్థక పదం ఉన్నప్పుడు “దట్” రాకూడదు. “డు” అనే సహాయక క్రియ పోవాలి. “యు” అన్నది “ఐ” కావాలి. సరైన వాక్యం “హి ఆస్క్డ్ మి వేర్ ఐ లివ్డ్”. “వాట్ ఈజ్ యువర్ నేమ్” అనేది “షి ఆస్క్డ్ మి వాట్ మై నేమ్ వాజ్” అవుతుంది. “వాజ్” చివరికి వెళ్ళడం గమనించండి.

అవును కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలో మన “ఆ” ప్రత్యయం చేసే పనిని ఇంగ్లీషులో “ఇఫ్” లేదా “వెదర్” చేస్తుంది. “వస్తావా అని అడిగాడు” అన్నది “హి ఆస్క్డ్ మి ఇఫ్ ఐ వుడ్ కమ్” అవుతుంది. రెండిటిలో ఒకటి ఎంచుకోవలసిన చోట, రాతలో గాంభీర్యం కావలసిన చోట “వెదర్” మేలు. “షల్ ఐ ఓపెన్ ద విండో” లాంటి, చేయమంటారా అని అడిగే ప్రశ్న “హి ఆస్క్డ్ ఇఫ్ హి షుడ్ ఓపెన్ ద విండో” అవుతుంది. చివర ప్రశ్న గుర్తు పెట్టకూడదు.

“డు యు నో”, “కుడ్ యు టెల్ మి” తర్వాత వచ్చే ప్రశ్నకు కూడా ఇదే వరస. “కుడ్ యు టెల్ మి వేర్ ఈజ్ ద బ్యాంక్” అని మన నగరాలలో తరచూ వినిపిస్తుంది. “వేర్ ద బ్యాంక్ ఈజ్” అన్నది సరైన రూపం.

ఐదో మెట్టు: ఆజ్ఞ, అభ్యర్థన, వద్దనడం

ఇక్కడ మాత్రం తెలుగు మనకు అక్కరకు వస్తుంది. “రమ్మన్నాడు”, “కూర్చోమంది”, “వెళ్ళొద్దన్నారు” అనే రూపాలలో ఎదుటివారి ఆజ్ఞ యథాతథంగా ఉండదు, ఒక చిన్న క్రియారూపంగా ముడుచుకుంటుంది. ఇంగ్లీషులో “టు” కలిసిన క్రియ కూడా అలాంటిదే. రమ్మన్నాడు అంటే “హి టోల్డ్ మి టు కమ్”. వెళ్ళొద్దన్నాడు అంటే “హి టోల్డ్ మి నాట్ టు గో”. “హి టోల్డ్ మి డోంట్ గో” అనడం మాత్రం మానుకోవాలి. “నాట్” ఎప్పుడూ “టు” కంటే ముందు ఉండేలా అలవాటు చేసుకుంటే రాతలో వెతుక్కోనక్కర లేదు.

“ప్లీజ్” అన్న మాట రిపోర్టెడ్ స్పీచ్‌లోకి రాదు, దాని మర్యాద క్రియలోకి వెళుతుంది. “టోల్డ్” అంటే చెప్పారు, ఆదేశించారు. “ఆస్క్డ్” అంటే అడిగారు, కోరారు. అధికారి గారు మర్యాదగా కోరిన పనిని “హి ఆర్డర్డ్ మి” అని చెప్పడం ఆయనకు అన్యాయమే అవుతుంది.

ఆరో మెట్టు: రిపోర్టింగ్ వెర్బ్‌ను ఎంచుకోవడం

అన్నిటికీ “సెడ్” వాడేయడం తప్పు కాదు, కానీ చప్పగా ఉంటుంది. తెలుగు దినపత్రిక చదివేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. పేర్కొన్నారు, వెల్లడించారు, స్పష్టం చేశారు, ఆరోపించారు, ఖండించారు, హెచ్చరించారు, హామీ ఇచ్చారు అని మన పత్రికలు మాట స్వభావాన్ని క్రియలోనే చెప్పేస్తాయి. ఇంగ్లీషులో “స్టేటెడ్”, “రివీల్డ్”, “అలెజ్డ్”, “డినైడ్”, “వార్న్డ్”, “ప్రామిస్డ్” అదే పని చేస్తాయి. చిక్కు అర్థంతో రాదు, నిర్మాణంతో వస్తుంది. తెలుగులో ఏ క్రియకైనా ముందు “అని” పెడితే సరిపోతుంది. ఇంగ్లీషులో ప్రతి క్రియకూ తన వెనక ఏ రూపం రావాలో ముందే నిర్ణయమై ఉంది. కాబట్టి క్రియను ఒంటరిగా నేర్చుకోకుండా, దాని వెనక వచ్చేదాన్ని కలిపి ఒక ముక్కగా నేర్చుకోవాలి.

అన్నిటికంటే ముందు “సే”, “టెల్” జంట. “టెల్” తర్వాత వినే మనిషి తప్పనిసరి: “హి టోల్డ్ మి దట్ హి వాజ్ బిజీ”. “సే” తర్వాత మనిషి నేరుగా రాకూడదు: “హి సెడ్ దట్ హి వాజ్ బిజీ”. “హి టోల్డ్ దట్”, “హి సెడ్ మి దట్” రెండూ తప్పే. ఇదే చిక్కు “ఇన్ఫార్మ్”, “అష్యూర్”, “రిమైండ్”, “కన్విన్స్” అనే క్రియలతోనూ ఉంది. మన కార్యాలయాల ఉత్తరాలలో “హి ఇన్ఫార్మ్డ్ దట్ ద మీటింగ్ వాజ్ పోస్ట్‌పోన్డ్” అనే వాక్యం ఎంతగా పాతుకుపోయిందంటే, సరైనది వింటే వింతగా అనిపిస్తుంది. ఎవరికి తెలియజేశారో చెప్పకుండా ఈ క్రియలు నిలబడవు. “హి ఇన్ఫార్మ్డ్ అస్ దట్” అనాలి.

మనిషి ముందు “టు” కోరే క్రియలు ఇంకొన్ని ఉన్నాయి. “ఎక్స్‌ప్లెయిన్” వాటిలో ముఖ్యమైనది. “హి ఎక్స్‌ప్లెయిన్డ్ మి ద ప్రాబ్లమ్” అనడం మన దగ్గర సర్వసాధారణం. “హి ఎక్స్‌ప్లెయిన్డ్ ద ప్రాబ్లమ్ టు మి” అన్నది సరైనది. “మెన్షన్”, “అడ్మిట్”, “కంప్లెయిన్” కూడా మనిషిని “టు”తోనే కలుపుకుంటాయి. పైగా “మెన్షన్” తర్వాత “అబౌట్” అక్కర లేదు.

నేరుగా “టు” కలిసిన క్రియను కోరేవి: అంగీకరించడం, నిరాకరించడం, ముందుకొచ్చి సాయం చేస్తాననడం, మాట ఇవ్వడం, బెదిరించడం. “షి అగ్రీడ్ టు వెయిట్”, “షి రిఫ్యూజ్డ్ టు సైన్”, “హి ఆఫర్డ్ టు డ్రైవ్”, “హి ప్రామిస్డ్ టు కాల్”, “దే థ్రెటెన్డ్ టు గో టు కోర్ట్”. ఈ పనులన్నీ చేసేది మాట అన్న మనిషే. వేరే మనిషి చేత చేయించే మాట అయితే మధ్యలో ఆ మనిషి వస్తారు: “ద డాక్టర్ అడ్వైజ్డ్ మి టు రెస్ట్”, “షి రిమైండెడ్ హిమ్ టు లాక్ ద డోర్”, “ద పోలీస్ వార్న్డ్ అస్ నాట్ టు స్విమ్ దేర్”.

“సజెస్ట్” గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే తెలుగువారి ఇంగ్లీషులో ఇది పదే పదే తప్పుగా పడే క్రియ. “వెళ్ళమని నాకు సూచించాడు” అన్న మన వాక్యం మీద “హి సజెస్టెడ్ మి టు గో” కట్టేస్తాం. ఈ క్రియ ఆ నిర్మాణాన్ని ఒప్పుకోదు. దానికి రెండు దారులున్నాయి: “హి సజెస్టెడ్ దట్ ఐ గో”, లేదా ఇద్దరూ కలిసి చేసే పని అయితే “హి సజెస్టెడ్ గోయింగ్ టు ద బీచ్”. “లెట్స్ గో” అన్న మాటను, అంటే మన “వెళ్దామన్నాడు”ను చెప్పడానికి ఈ రెండో రూపం చక్కగా సరిపోతుంది. “టు గో” రూపమే మీ నాలుక మీద ఉంటే “సజెస్ట్” బదులు “అడ్వైజ్” వాడండి. “రికమెండ్”, “ఇన్సిస్ట్”, “డిమాండ్” కూడా “దట్” తర్వాత మూలరూపాన్ని తీసుకుంటాయి: “షి డిమాండెడ్ దట్ హి అపాలజైజ్”. అక్కడ “అపాలజైజెస్” కాకపోవడం అచ్చు తప్పు కాదు.

కొన్ని క్రియలు తమ విభక్తిని తామే తెచ్చుకుంటాయి. “దే అక్యూజ్డ్ హిమ్ ఆఫ్ స్టీలింగ్ ద మనీ”, “షి అపాలజైజ్డ్ ఫర్ బీయింగ్ లేట్”, “హి ఇన్సిస్టెడ్ ఆన్ పేయింగ్”, “వి కంగ్రాచులేటెడ్ హర్ ఆన్ పాసింగ్ ది ఎగ్జామ్”, “హి థ్యాంక్డ్ మి ఫర్ హెల్పింగ్”. ఇక్కడ తర్కం వెతికితే దొరకదు. ఒక్కోదాన్ని వాక్యంతో సహా నోటికి పట్టించుకోవాలి.

అర్థం దగ్గర కూడా రెండు గుంటలున్నాయి. మొదటిది “డినై”. మన పత్రికలలో “తనకు సంబంధం లేదని ఆరోపణను ఖండించారు” అని రాయడం రివాజు. ఇంగ్లీషులో “డినై” లోనే “లేదు, కాదు” ఇమిడి ఉంది. “హి డినైడ్ దట్ హి హ్యాడ్ నాట్ టేకెన్ ద మనీ” అంటే తీసుకున్నానని ఒప్పుకున్నట్లు అవుతుంది. “హి డినైడ్ టేకింగ్ ద మనీ” అంటే చాలు. రెండోది “డౌట్”. “వాడే తీశాడని నా అనుమానం” అన్న అర్థంలో “ఐ డౌట్ దట్ హి టుక్ ఇట్” అంటే వినేవారికి సరిగ్గా వ్యతిరేకం అర్థమవుతుంది: వాడు తీశాడని మీరు నమ్మడం లేదని. మనం అనదలచుకున్నదానికి “సస్పెక్ట్” ఉంది: “ఐ సస్పెక్ట్ దట్ హి టుక్ ఇట్”.

ఏడో మెట్టు: ఒక పూర్తి సంభాషణను మార్చి చూద్దాం

రమేష్ హైదరాబాదులో అద్దెకు ఉంటున్నాడు. ఊళ్ళో లేని యజమాని ఫోను చేసి ఇలా అన్నాడు: “ఐ యామ్ కమింగ్ టు హైదరాబాద్ టుమారో. హ్యావ్ యు పెయిడ్ ది ఎలక్ట్రిసిటీ బిల్? డోంట్ గివ్ ద కీస్ టు ద పెయింటర్. ఐ విల్ రిటర్న్ యువర్ అడ్వాన్స్ నెక్స్ట్ వీక్. ఐ యామ్ సారీ ఐ షౌటెడ్ ఎట్ యు.” నెల గడిచినా అడ్వాన్సు రాలేదు. రమేష్ జరిగినదంతా రాతలో పెట్టాలి.

“హి సెడ్” అని అయిదుసార్లు రాయవచ్చు, కానీ ప్రతి మాటకూ తన స్వభావం ఉంది. మొదటిది సమాచారం, రెండోది ప్రశ్న, మూడోది హెచ్చరిక, నాలుగోది హామీ, అయిదోది క్షమాపణ. కాబట్టి రమేష్ ఇలా రాస్తాడు: “హి టోల్డ్ మి దట్ హి వాజ్ కమింగ్ టు హైదరాబాద్ ద నెక్స్ట్ డే అండ్ ఆస్క్డ్ వెదర్ ఐ హ్యాడ్ పెయిడ్ ది ఎలక్ట్రిసిటీ బిల్. హి వార్న్డ్ మి నాట్ టు గివ్ ద కీస్ టు ద పెయింటర్. హి ప్రామిస్డ్ టు రిటర్న్ మై అడ్వాన్స్ ద ఫాలోయింగ్ వీక్ అండ్ అపాలజైజ్డ్ ఫర్ షౌటింగ్ ఎట్ మి.”

“కమింగ్” మారలేదు, ఎందుకంటే రమేష్ ఇప్పటికీ హైదరాబాదులోనే ఉన్నాడు. “నెక్స్ట్ వీక్” మాత్రం “ద ఫాలోయింగ్ వీక్” అయ్యింది; మార్చకపోతే, చదివేవారు ఆ డబ్బు ఇంకా వచ్చే వారం వస్తుందనుకుని ఫిర్యాదును పక్కన పెడతారు. “సారీ” అన్న మాట ఎక్కడా లేదు, అది “అపాలజైజ్డ్” లో కలిసిపోయింది. ఇక “ప్రామిస్డ్” అన్న క్రియ ఎంపిక ఈ రాతకు ప్రాణం. “హి సెడ్ హి వుడ్ రిటర్న్” అంటే ఏదో అన్నాడు అన్నట్లు ఉంటుంది. “ప్రామిస్డ్” అంటే మాట ఇచ్చి తప్పాడన్నది దానంతటదే తెలుస్తుంది. అయితే యజమాని “చూద్దాం, వీలైతే ఇస్తాను” అని మాత్రమే అని ఉంటే “ప్రామిస్డ్” రాయడం అబద్ధం అవుతుంది. ఎదుటివారి మాటను చెప్పేటప్పుడు క్రియ ద్వారా వారి నోట లేని బరువును పెట్టకూడదు. వ్యాకరణం ఒప్పుకున్నా సరే, ఇది పాటించవలసిన నియమం.

ఎనిమిదో మెట్టు: వార్తలు, నివేదికలు, ప్రాజెక్టు పత్రాలు

రాతలో రిపోర్టింగ్ వెర్బ్ మీ అభిప్రాయాన్ని కూడా బయటపెడుతుంది. “హి పాయింటెడ్ అవుట్ దట్ ద బ్రిడ్జ్ వాజ్ అన్‌సేఫ్” అంటే వంతెన భద్రంగా లేదన్నది మీరు కూడా ఒప్పుకున్నారు. “హి క్లెయిమ్డ్ దట్ ద బ్రిడ్జ్ వాజ్ అన్‌సేఫ్” అంటే ఆ మాట నిజమో కాదో మీరు హామీ ఇవ్వడం లేదు, కొంత అనుమానమూ ఉంది. “స్టేటెడ్”, “నోటెడ్” మధ్యలో “స్టేటెడ్” ఎటూ మొగ్గదు. “నోటెడ్” ఒప్పుకోలు వైపు మొగ్గుతుంది. “అలెజ్డ్” అంటే రుజువు కాని నేరారోపణ. కోర్టు తీర్పు రాకముందు నిందితుడి గురించి రాసేవారికి ఈ క్రియ తప్పనిసరి రక్షణ. విదేశాలకు చదువుకు వెళ్ళే మన పిల్లలు పరిశోధన పత్రాలలో “ద ఆథర్ ప్రూవ్డ్” అని ఇష్టానుసారంగా రాసేస్తుంటారు. పరిశోధకుడు వాదించి ఉంటే “ఆర్గ్యూస్”, ఆధారం చూపి ఉంటే “షోస్”, జాగ్రత్తగా సూచించి ఉంటే “సజెస్ట్స్” అనాలి. అక్కడ వర్తమానం వాడడం కూడా మామూలే, ఎందుకంటే ఆ పత్రం ఇప్పటికీ ఆ మాట చెబుతూనే ఉంది.

ఎవరన్నారో చెప్పనక్కర లేనప్పుడు మన “అంటారు”, “అట” చేసే పనికి ఇంగ్లీషులో రెండు రూపాలున్నాయి. “ఇట్ ఈజ్ సెడ్ దట్ హి లివ్స్ ఇన్ దుబాయ్” అన్నది ఒకటి. దాన్నే బిగించి “హి ఈజ్ సెడ్ టు లివ్ ఇన్ దుబాయ్” అనవచ్చు. జరిగిపోయిన పని అయితే “హ్యావ్” తోడవుతుంది: దేశం వదిలి వెళ్ళిపోయాడట అనడానికి “హి ఈజ్ సెడ్ టు హ్యావ్ లెఫ్ట్ ద కంట్రీ”. “థాట్”, “బిలీవ్డ్”, “రిపోర్టెడ్” కూడా ఇదే అచ్చులో ఇముడుతాయి.

పరీక్షకు రాసేవారికి

పరీక్షలో ఇచ్చిన వాక్యానికి సందర్భం ఉండదు కాబట్టి, మాట అన్న రోజు, చోటు రెండూ దాటిపోయాయని అనుకుని అన్ని మార్పులూ చేయాలి. “టుమారో” కచ్చితంగా “ద నెక్స్ట్ డే” లేదా “ద ఫాలోయింగ్ డే” అవుతుంది, “యెస్టర్‌డే” “ద ప్రీవియస్ డే” అవుతుంది, “అగో” “బిఫోర్” అవుతుంది. నిత్యసత్యాలను మాత్రం వర్తమానంలోనే ఉంచాలి. “సెడ్ టు” అన్నది “టోల్డ్” అవుతుంది. ఆశ్చర్యార్థక వాక్యాలకు “ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్ దట్” అనే అచ్చు అడుగుతారు, అక్కడ అదే రాయండి. మాటల్లో మాత్రం “హి వాజ్ డిలైటెడ్ దట్ దే హ్యాడ్ వన్” వంటి వాక్యమే సహజం.

అభ్యాసానికి ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. తెలుగు పత్రికలో ఒక నాయకుడి ప్రసంగ వార్త తీసుకుని, అందులోని క్రియల కింద మాత్రమే గీత గీయండి. ఒక్కోదానికి సరిపోయే ఇంగ్లీషు క్రియను, దాని వెనక వచ్చే రూపంతో సహా పక్కన రాయండి. ఆ తర్వాతే మొత్తం వార్తను ఇంగ్లీషులో చెప్పడానికి ప్రయత్నించండి. రాసింది దిద్దుకునేటప్పుడు మొదట “టోల్డ్”, “ఇన్ఫార్మ్డ్” ఉన్న చోట్ల వినేవారు ఉన్నారో లేదో, తర్వాత “ఆస్క్డ్” పక్కన “దట్” చేరిందేమో, ఆపైన “సజెస్టెడ్” పక్కన మనిషి వచ్చి కూర్చున్నాడేమో చూడండి. సర్వనామాలను చివర్లో, పైకి గట్టిగా చదువుతూ సరిచూసుకోండి. “ఐ” అన్న ప్రతి చోటా ఆ మనిషి మీరేనా అని ఆగి ఆలోచించండి.